మనుషుల తెలుగు

మొన్న కరీంనగర్‌లో టీచర్లకు కౌన్సెలింగ్ శిక్షణ పెట్టి, రిటైరైన నన్నూ పిలిచారు. మైకు పట్టుకున్న కుర్రాయన "పిల్లలతో పిల్లల భాషలోనే మాట్లాడాలి" అన్నాడు, అదేదో ఆ పొద్దునే కనిపెట్టినట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాపం, అతని తప్పేం లేదు. నా కోపం ఎనభైల నాటిది.

అప్పుడు నేను ఇదే ఊళ్ళో బీఎడ్ చదువుతున్నాను. హాస్టల్లో నా రూమ్మేట్ ఆదిలాబాద్ అడవి వైపు గోండుల పిల్ల. ఇంట్లో గోండీ, బడిలో తెలుగు, సంతలో మరాఠీ. మా క్లాసులో అన్ని భాషలు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. మార్గదర్శకత్వం అనే పేపరుకు ప్రాక్టికల్స్ ఉండేవి: బడికి సరిగా రాని పిల్లను ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. మేమంతా పుస్తకంలోని ప్రశ్నలే అడిగాం. పిల్లలు గోడలు చూశారు. ఆమె మాత్రం "బువ్వ తిన్నవా బిడ్డా?" అంది. ఆ పిల్ల తలెత్తి, "లే అక్కా. మా అవ్వకు పాణం బాగలే" అని మొదలుపెట్టింది. వెనక కుర్చీలోని లెక్చరర్ పకపకా నవ్వాడు. "ఇది కౌన్సెలింగా, సంతలో బేరమా? ముందు మనుషుల తెలుగు నేర్చుకో. అడవి నుంచి వచ్చావని తెలుస్తూనే ఉంది." సగం క్లాసు నవ్వింది. తనను చూసే నవ్వుతున్నారనుకుని పిల్ల నోరు మూసుకుంది. అవ్వ అని ఆ పిల్ల చెప్పిన తల్లికేమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత రూమ్మేట్‌కు తిండి సయించలేదు. అద్దం ముందు నిలబడి "వచ్చాడు, వెళ్ళాడు" అని వల్లించేది. క్లాసుకు బయల్దేరే వేళకు వాంతి చేసుకునేది. డాక్టరు నీరసమని టానిక్ రాశాడు. సైకాలజీ చెప్పే మేడమ్, నేతపనివాళ్ళ ఇంటి ఆడబిడ్డ, మా గదికి వచ్చి ఆమె పక్కన కూర్చుంది. "నీకు రోగం లేదు బిడ్డా. గా మాటలే నిన్ను తింటున్నయ్. నన్నుగూడ గిట్లనే అన్నరు. ఇప్పటికీ స్టాఫ్‌రూంల నోరు తెరవాల్నంటే గుండె దడదడ అంటది." మనసు గురించి పాఠాలు చెప్పే మనిషి తన మనసును అలా బిగబట్టుకుని బతుకుతోందని మాకప్పుడే తెలిసింది.

మర్నాడు మేడమ్ ఆ దడతోనే ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళింది. "సరదాకి అన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడాయన. ఏడాది తిరక్కుండా ఆమెను దూరపు ఊరికి బదిలీ చేశారు, లెక్చరర్‌కు ప్రమోషన్ ఇచ్చారు. రూమ్మేట్ పరీక్షలో తన మాటల్లోనే మాట్లాడింది. అత్తెసరు మార్కులు వేశారు. ఉట్నూరు వైపు ఆశ్రమ పాఠశాలలో చేరింది, పిల్లలు ఆమె కొంగు వదలరని విన్నాను. కరీంనగర్‌కు మాత్రం మళ్ళీ రాలేదు. నా పెళ్ళికి పిలిస్తే, "గా ఊరి పేరు ఇంటెనే గొంతు పట్కుంటదే" అని కబురు పంపింది.

కాలమే అన్నీ మాన్పుతుందని చెప్పేవాళ్ళంటే నాకు నమ్మకం లేదు. కాలం చేసిందల్లా నవ్వినవాళ్ళకు పింఛన్లిచ్చి ఇంటికి పంపడమే.