మా నాన్న ఎత్తి చూసిన కంప్యూటర్

మా నాన్న ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి చూడనిదే కొనడు. గుమ్మడికాయంటే సరే, అందరూ ఎత్తి చూస్తారు. ఈయన ప్రెషర్ కుక్కర్ని, గొడుగుని, చెప్పుల్ని, చివరికి నా డిక్షనరీని కూడా ఎత్తి చూసే కొన్నాడు. హిందీ మాట్లాడే ఊళ్ళో స్థిరపడి, అక్కడి స్టీల్ ప్లాంటులో ఇరవై ఏడేళ్ళు ఇనుముతో పనిచేసిన మనిషి. తేలిగ్గా ఉన్న వస్తువులో ఏదో మోసం ఉంటుందని ఆయన నమ్మకం. బజార్లో ఆయన పక్కన నిలబడాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

తొంభైల నాటి మాట, నాకప్పుడు ఇరవై ఏళ్ళు. బీఎస్సీ ఆఖరి పరీక్షలు రాసి కంప్యూటర్ కోర్సులో చేరాను. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్ళాలి. వారానికి ఒక్క గంట, అదీ ఇద్దరికి ఒక మెషిన్. నా పక్కన కూర్చున్నవాడు కీబోర్డు వదిలితే ఒట్టు. ఇలా అయితే నేను నేర్చుకునేది సున్నా అని, సొంత కంప్యూటర్ కావాలని ఇంట్లో అడిగాను. పేపర్లో ప్రకటన చూపించాను. ధర చూసి అమ్మ ఆ పేపరు తీసుకెళ్ళి పప్పుల డబ్బాల కింద పరిచేసింది.

విడి భాగాలు కొని ఇంట్లోనే బిగించుకుంటే సగం ధరలో వస్తుందని చెప్పాను. నాన్న ఆలోచనలో పడ్డాడు. అమ్మ మాత్రం బీరువాలోంచి బీఎడ్ దరఖాస్తు ఫారం తెచ్చి బల్ల మీద పెట్టింది. అన్నీ నింపేసి ఉంది, నా సంతకం ఒక్కటే తక్కువ. ఆడపిల్లకి బడి ఉద్యోగాన్ని మించింది లేదని అమ్మ ఉద్దేశం. నాకేమో సుద్దముక్క పట్టుకోవడమన్నా, పిల్లల్ని వరసగా నిలబెట్టడమన్నా పరమ అసహ్యం.

"నువ్వు కట్టిన డబ్బా ఆదివారం పొద్దుట మొదలెట్టి దీపం పెట్టే ఏళ దాకా ఆగకండా నడవాల. మధ్యలో ఆగిపోనాదంటే ఈ ఫారం మీద సంతకం పెట్టీ. మరింకేటి మాటాడకు" అంది అమ్మ.

ఒప్పుకున్నాను. నా పొగరు అప్పుడు అలా ఉండేది.

నోట్‌బుక్కులో లిస్టు రాయడానికి పది రోజులు పట్టింది. రంగుల మానిటర్ వద్దు, ఏదో ఆఫీసు వదిలించుకున్న నలుపు తెలుపుది చాలు. నేను రాసేది ప్రోగ్రాములు, వాటికి రంగులెందుకు. సీడీ డ్రైవ్ వద్దు, స్పీకర్లు వద్దు. మదర్‌బోర్డు పాతది, ఒకరు వాడి తీసేసిన 486 రకం. మిగిల్చిన ప్రతి రూపాయీ మెమరీకి, హార్డ్ డిస్క్‌కి. పదహారు ఎంబీ మెమరీ వస్తుందని తేలిన రోజు నేను ఇల్లంతా గంతులేశాను.

నాన్నని వెంటబెట్టుకుని మార్కెట్లో ఒక్క షట్టరు వెడల్పున్న షాపుకి వెళ్ళాను. షాపు భయ్యా లిస్టు చూసి, "దీదీ, బఢియా లిస్ట్ హై" అన్నాడు. లిస్టు బ్రహ్మాండంగా ఉందన్నందుకు నేను పొంగిపోయాను. అన్నీ ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి. ఆఖరిగా ఇవన్నీ బిగించే పెట్టె, కేబినెట్. తెల్లగా మెరిసిపోతోంది, ముందు వైపు ఆకుపచ్చ అంకెలు వెలిగే చిన్న కిటికీ. కరెంటు పుచ్చుకుని అన్ని భాగాలకీ పంచే పవర్ సప్లై దాని లోపలే ఉంది. ధర కూడా నా లిస్టులో రాసుకున్నంతే.

నాన్న దాన్ని రెండు చేతులతో ఎత్తాడు.

"ఏటమ్మా ఇది, ఒట్టి డొల్ల" అన్నాడు.

"అంకుల్‌జీ, యే కద్దూ నహీ హై" అని నవ్వాడు భయ్యా. గుమ్మడికాయ కాదండీ అని. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాన్న ఏమీ అనుకోలేదు. కింది అరలోంచి దుమ్ము పట్టిన ఒక బూడిద రంగు కేబినెట్ లాగి ఎత్తి చూశాడు. "ఇదీ" అన్నాడు. దానికి కిటికీ లేదు, అంకెలూ లేవు. పైగా ధర ఎక్కువ. ఆ తేడా ఎక్కడో తగ్గించాలి కదా, మెమరీ పదహారు నుంచి ఎనిమిదికి పడిపోయింది.

ఇంటికి వచ్చే దారంతా నాకు ఆ పోయిన ఎనిమిది ఎంబీల గొడవే. పది రోజుల లెక్కని ఒక్క చేతి ఊపుతో చెడగొట్టాడని ఉడికిపోయాను. మూర్ఖుడని కూడా మనసులో అనుకున్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

శనివారం బిగించాను. స్విచ్ వేస్తే తెర నల్లగా ఉండి, లోపలి నుంచి ఆగకుండా ఒకటే కూత. నాన్న పక్కన పీట వేసుకుని, "కంగారు పడకు. అన్నీ ఇప్పీసి ఒక్కొక్కటే మళ్ళీ పెట్టు. ప్లాంటులో మేం అలగే చేస్తాం" అన్నాడు. అలాగే చేశాను. మెమరీ ముక్క సరిగ్గా కూర్చోలేదు, అంతే. టక్కుమని కూర్చున్నాక తెర వెలిగింది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి పరీక్ష మొదలైంది. ఒకటి నుంచి మొదలుపెట్టి అంకెలు పెంచుకుంటూ పోయే చిన్న ప్రోగ్రాం రాసి నడిపాను. అమ్మకి కంప్యూటర్ గురించి తెలియకపోయినా అంకెలు తెలుసు. వంటింట్లోంచి గంటకోసారి తొంగిచూసి, "పరిగెడతన్నాయా" అని అడిగి వెళ్ళేది. మధ్యాహ్నం దాకా నేను మహారాణినే.

సాయంత్రం సంగతి నేను ఆలోచించలేదు. నేను పుట్టి పెరిగింది సెక్టర్ 2లో ప్లాంటు వాళ్ళిచ్చిన క్వార్టర్లో, అక్కడ కరెంటు గురించి ఎవరం తలచుకునేవాళ్ళం కాదు. వైశాలి నగర్లో సొంత ఇంట్లో దిగి అప్పటికి మూడు నెలలే. మే నెల ఎండకి ఆరింటికల్లా వీధిలో కూలర్లన్నీ ఒక్కసారి తిరగడం మొదలుపెడతాయి. ఆ సాయంత్రం కూడా మొదలుపెట్టాయి. వోల్టేజి పడిపోయి ఫ్యాను నీరసపడింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని ఆరిపోయింది. తెర మీది బొమ్మ నాలుగు వైపుల నుంచీ లోపలికి కుంచించుకుపోయింది. బల్ల మీద ఫారం, దాని మీద పెన్ను.

అంకెలు మాత్రం ఆగలేదు. కుంచించుకుపోయిన తెరలో, చిన్నవై, వంకరగా, పరిగెడుతూనే ఉన్నాయి.

"బరువున్నదాంట్లో రాగి ఉంటాదమ్మా, కరెంటు తగ్గినా తట్టుకుంటాది" అన్నాడు నాన్న, తెర వైపే చూస్తూ. "లోపల సరుకు తగ్గించీసినోడు రంగేయగలడు గానీ బరువు దాయలేడు."

ఆ మెరిసే కేబినెట్ కొనుక్కున్న మా క్లాసు అబ్బాయిది రోజూ కూలర్ల వేళకి ఆగిపోయేదట. షాపు భయ్యా కూడా కొన్నాళ్ళకి వచ్చినవాళ్ళందరికీ "ఉఠాకే దేఖియే" అని, ఎత్తి చూడమని కేబినెట్లు చేతికిచ్చేవాడు. వాటన్నిటికంటే ముందు, ఆ సాయంత్రమే, నేను నాన్న చెయ్యి పట్టుకుని, "తప్పయిపోయింది నాన్నా" అన్నాను. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. అంత సంతోషం నాకు డిగ్రీ పట్టా తీసుకున్నప్పుడు కూడా కలగలేదు.

అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. తెర ముందు వంగి అంకెలు చూసింది. ఆరు, ఏడు స్థానాలు వేలితో లెక్కపెట్టి, "ఎంతయినాదే ఇది" అంది. పది లక్షలు దాటిందని చెప్పాను. పరీక్ష అయిపోయిందని అంకెలు ఆపి, కొత్త ప్రోగ్రాం కొట్టడం మొదలుపెట్టాను. నేను కొట్టే మీటలకి బల్ల కాస్త ఊగుతోంది, ఆ బల్లకి ఒక కాలు ఎప్పుడూ పొట్టిదే. అమ్మ ఫారం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. చాలదని ఇంకో మడత పెట్టి, కింద కూర్చుని ఆ కాలి కింద దూర్చింది.

బల్ల ఊగడం ఆగింది.