లేని తాళంచెవి

ఆఫీసులో అందరూ ఆయన్ను తాళాలాయన అంటారు. నిజానికి చేతిలో ఒక్క తాళమూ ఉండదు. జనం ఫోన్లలో సరుకుల చిట్టాలూ గుట్టుమాటలూ రాసుకునే యాప్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టడం ఆయన పని. అంటే రాసుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ, చివరికి ఆయనైనా సరే, చదవలేకుండా చేయడం. పాలు, సబ్బు, బల్బు అని రాసుకున్నదానికి ఇంత కాపలా ఎందుకని నవ్వేవాళ్లు నవ్వుతారు. ఎవరి గుట్టు వాళ్లకి ముద్దు అంటాడాయన.

పని కష్టం కాదు, దేశాలతోనే కష్టం. ఒక దేశం తాళం గట్టిగా ఉండాలంటుంది. పక్కది, అంత గట్టిదైతే ముందు దరఖాస్తు పెట్టమంటుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మూడోది మారుతాళంచెవి తమకిమ్మంది. అలాంటిది లేదు మహాప్రభో అంటే, లేదని రుజువు చెయ్యమంది. లేనిదాన్ని ఎవడు చూపించగలడు? చూపించకపోతే అక్కడ యాప్ మూత, ఇక్కడ ఆయన ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే.

ఆ మూడో దేశం పెట్టిన విచారణ రోజు ఇంట్లోంచే వీడియోలో కూర్చున్నాడు.

"మీరు కట్టినదాన్ని మీరే తెరవలేరా? ఆ కబుర్లు పిల్లలకు చెప్పండి," అంది ఆ దేశపు అధికారిణి.

అంతలో దర్జీపని చేసే అత్తగారు ఫోన్ పట్టుకుని దూసుకొచ్చింది.

"బాబూ, వీధి వీధంతటి కొలతలూ మీ యాప్‌లోనే పెట్టాను. పాస్‌వర్డ్ మర్చిపోయాను. కాస్త తెరిచిపెట్టండి."

"నా వల్ల కాదత్తయ్యా."

"చేసింది మీరేగా?"

"చేసింది నేనే. తెరవడం మాత్రం నా చేతిలో లేదు."

"రేపు ఆరు చొక్కాలివ్వాలి! అందాజుగా కత్తిరించమంటారా? పదేళ్లుగా మీ ప్యాంట్లన్నీ కుట్టిపెట్టానే, ఈపాటి పని చేయలేరా?"

ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది. రెండు చేతులూ జోడించి బతిమాలాడు. ఆవిడ వినలేదు. చివరికి తెర వైపు తిరిగేసరికి అధికారిణి రాయడం మానేసి ఆయన్నే చూస్తోంది. మైకు ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఆవిడ మీకేమవుతారు?"

"అత్తగారండీ."

"ఒకే ఇంట్లో ఉంటారా?"

"ఒకే ఇంట్లోనండీ."

అధికారిణి పైకి చదువుతూ రాసుకుంది. "మారుతాళంచెవి లేదు. ఉంటే ఈపాటికి ఇచ్చేసేవాడు."

ఉద్యోగం నిలబడింది. ఆనందంతో ఆయన కళ్లు చెమర్చాయి. అత్తగారు మాత్రం మూతి ముడుచుకునే ఉంది.

"పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోలేదా అత్తయ్యా?"

"రాయకుండా ఉంటానా? ఎవరి కంటా పడకుండా రాశాను."

"ఎక్కడ?"

"మీ యాప్‌లోనే, కొలతల కింద."

తాళాలాయన టేపు మెడలో వేసుకుని, ఆరు చొక్కాలకూ మళ్లీ కొలతలు తీసుకోవడానికి ఆవిడ వెంట వీధిలోకి నడిచాడు.