రెక్కను కోసిన భిక్షపతి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా మొఘల్‌పురా గల్లీలో ఎవర్నడిగినా చెబుతారు. ముప్పై ఎనిమిదేళ్లు సర్కారు కొలువులో విమానాలు రిపేరు చేసినవాణ్ని. ఒక్క బోల్టు అరచుట్టు వదులుగా కనిపించినా ఇల్లు పీకి పందిరేసేవాణ్ని. మొక్కడం నాకు అలవాటు లేని పని. అయినా కార్వాన్‌లో ఉండే భిక్షపతి ఎదురైతే మాత్రం నా రెండు చేతులూ వాటంతటవే లేస్తాయి. ఎందుకో చెబుతాను, వినండి.

నేను రిటైరయ్యాక ఒక ట్రస్టు వాళ్లు పిలిచారు. వాళ్ల దగ్గర 1930ల నాటి విమానమొకటి, కింద ఒక జత, పైన ఒక జత రెక్కలున్నది, మూలన పడి ఉంది. దాన్ని మళ్లీ ఎగరేయాలట. ఆ కాలపు విమానమంటే ఇప్పటిలా లోహం కాదు. లోపల కర్ర అస్థిపంజరం, దాని మీద నారబట్ట. ఆ బట్టను ఒక్కో కర్ర పక్కటెముకకూ దారంతో కుట్టాలి. కుట్ల మీద బట్ట పట్టీలు అంటించి, డోపు అనే వార్నిష్ పూయాలి. అది ఆరి బిగుసుకుంటే వేలితో కొడితే డప్పులా మోగుతుంది. కుట్టు మాత్రం చేత్తోనే వేయాలి. పాతబస్తీలో దర్జీలకేం కరువు అనుకున్నాను. డజను మందిని పిలిచి చూశాను. మిషన్ లేకపోతే ఒక్కడికీ చెయ్యి ఆడదు.

చివరికి మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాల జీన్లు కుట్టే భిక్షపతి దొరికాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పదహారో ఏట తండ్రి పోతే ఆయన సూది తీసుకున్నాడు, మళ్లీ కింద పెట్టలేదు. ఇంట్లో నాలుగు బర్రెలు. పొద్దున్నే భార్య ఆగమ్మతో కలిసి పాలు పిండి, ఎనిమిదింటికల్లా విమానం ఉన్న మా గోదాంకు వచ్చేవాడు. రెక్కను అటూ ఇటూ తిప్పి చూసి, మొదటి రోజే తేల్చేశాడు.

"గుర్రానికి ఊపిరాడాలె, జీను జారొద్దు. గంతే గద సార్ నా పని. గిది గుడ గట్లనే ఉన్నది."

ఐదు నెలలు కుట్టాడు. నెమ్మదిగా కుడుతున్నాడని రోజూ అరిచేవాణ్ని. అతను మాత్రం దారానికి మైనం పట్టిస్తూ తల ఊపేవాడు. ఛాయ్ తాగేటప్పుడు ఆ కాలం కబుర్లు చెప్పేవాణ్ని. అప్పట్లో ఎయిర్‌షిప్పులని పెద్ద పెద్ద గాలి ఓడలు తిరిగేవని, వాటి లోపలి గ్యాసు సంచులకు పశువుల పేగుల పొరలు అంటించేవాళ్లని చెబితే నోరు వెళ్లబెట్టాడు.

"ఆగమ్మకు చెప్పకుండ్రి సార్. నన్ను బర్రెల కాడికి గుడ రానియ్యది."

జనవరిలో విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ వచ్చి, చూసి, సంతకం పెట్టి పోయాడు. ఫిబ్రవరి మొదటి ఆదివారం ఎగరేయాలని ముహూర్తం. నడిపేది నా కూతురు అఖిల. బెంగళూరులో పైలట్లకు పాఠాలు చెబుతుంది. పాత విమానాలు నడిపిన అనుభవం ఉందని ట్రస్టు వాళ్లే ఆమెను అడిగారు. సిఫారసు చేశాననుకుంటారేమోనని నేను గోదాంలో ఎవరికీ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం, ఊరవతల ఎయిర్‌ఫీల్డు షెడ్డులో విమానం దగ్గర ఉన్నాం. ఎవరూ పిలవకుండానే భిక్షపతి వచ్చాడు. కుట్టిన జీనును పంపే ముందు ప్రతి కుట్టునూ బొటనవేలితో తడిమి చూడటం అతని అలవాటట. తడుముతూ తడుముతూ ఎడమవైపు కింది రెక్క దగ్గర ఆగిపోయాడు.

"సార్, జర గిటు రాండ్రి."

వెళ్లి చూశాను. పట్టీ అంచు కింద గోరు పెడితే లేచింది.

"తప్పు నాదే సార్. డిసెంబర్ల గీ రెక్క కుట్టేటప్పుడు చలికి మైనం గట్టి పడ్డది. మా బాపు చేసినట్టు జరంత వెన్నపూస కలిపిన. తోలైతే తాగేస్తది. గీ బట్ట తాగలే. జిడ్డు మీద మీ వార్నిష్ పట్టలే."

పొద్దున్నే అతిథులు వస్తారు. షామియానాలు కూడా వేసేశారు. ఇన్‌స్పెక్టరే బాగుందన్నాక మనమెవరం? అవే మాటలు అతనితో అన్నాను.

"పది నిమిషాల చక్కరే గదా భిక్షపతీ. పక్కకు పెట్టు గీ ముచ్చట. సోమవారం ఇప్పి కుడదాం."

అతను తల అడ్డంగా ఊపాడు.

"మా కాడ డౌటున్న జీనును పక్కకు పెట్టరు సార్, కోస్తరు. పక్కకు పెడితే ఎవడో ఒకడు తెల్వక గుర్రం మీదేస్తడు."

అంటూనే నడుము దగ్గరి తోలు కత్తి తీసి, రెక్కను ఈ చివర నుంచి ఆ చివరకు పర్రున చీరేశాడు.

అతని కాలర్ పట్టుకున్నాను. ఏమేం తిట్టానో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. నా నలభై ఏళ్ల పరువు గంగలో కలిపావన్నాను. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు, మాట తూలలేదు. నా కోపం కాస్త దిగాక ఒక పట్టీ కొస పట్టుకుని లాగాడు. అరటితొక్కలా ఊడొచ్చింది. ఇంకోటి లాగాడు, అదీ అంతే. పదకొండు పక్కటెముకల్లో తొమ్మిదింటి మీద పట్టీలు ఊరికే ఊడి వచ్చాయి. గాల్లో వేగం అందుకుంటే ఆ రెక్క మీద బట్ట నిలిచేది కాదు.

కార్యక్రమం రద్దయింది. ట్రస్టు వాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పాను. వెన్నపూస సంగతి అతనే ముందుకొచ్చి చెప్పాడు. ఆరు వారాలు కూర్చుని ఆ రెక్క మొత్తం విప్పి మళ్లీ కుట్టాడు. ఈసారి నేను అరవలేదు. పక్కన కూర్చుని మైనం కరిగించి ఇచ్చాను.

మార్చిలో అఖిల దాన్ని ఎగరేసింది. మూడు చక్కర్లు కొట్టి, దుమ్ము కూడా పెద్దగా లేపకుండా దించింది. దిగి వచ్చి "నాన్నా" అంటూ నన్ను కావలించుకుంది. భిక్షపతి ఆశ్చర్యంగా చూస్తూ నిలబడ్డాడు. అందరూ వెళ్లాక అతని చేతులు పట్టుకున్నాను. నోరు తెరిచి క్షమించమన్నాను. ఆ మాట నేను అంతకుముందు ఎవరితోనూ అని ఎరగను. తర్వాత మనసులో తొలుస్తున్నది అడిగాను.

"అన్నా, రెక్క కోసిన నాడు నడిపేది నా బిడ్డని నీకు ఎరికనా?"

"నాకేమెరిక సార్," అన్నాడు. "ఎవరి బిడ్డనో ఒకరి బిడ్డ గద."

అతనికి తెలియదు. నాకు తెలుసు. తెలిసి కూడా, పది నిమిషాలే కదా అన్నాను.