ఎండితే అబద్ధం చెప్పే మట్టి

మా మేనత్త ఉద్యోగం మట్టిని ఎండబెట్టడం. నవ్వకండి, అది ప్రభుత్వ ఉద్యోగమే. భూసార పరీక్షా కేంద్రం వెనకగదిలో రేకు పళ్ళేల నిండా మట్టి ఆరబోసి, మూడు రోజులు ఆరనిచ్చి, చెక్క సుత్తితో చితగ్గొట్టి, జల్లెడ పట్టి పరీక్షకు పై అంతస్తుకు పంపేది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. అందుకే అక్కడ అందరూ ఆమెను ‘జల్లెడ’ అనేవారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆమెకో పొలం ఉంది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం నుంచి ఏటివైపు దిగే వాలులో, సాగు కోసం ప్రభుత్వం ముప్పై ఆరు కుటుంబాలకు ఇచ్చిన భూమిలో ఒక ముక్క. పైనుంచి ఏటి ఒడ్డుదాకా నడిస్తే మూడు నేలలు తగులుతాయి. పైన గరగరలాడే బూడిద నేల, అందులో దుంపలు బాగా ఊరతాయి. కింద కాలు వదలని నల్ల జిగట, అది వరికి. నడుమ ఉన్నదే ఎక్కువ. గోధుమరంగు, మెత్తన, వానపడి పదిరోజులైనా వేళ్ళ దగ్గర చెమ్మ ఆరదు. అందరి నారింజ తోటలూ అక్కడే.

ఆ నడుమ నేల గురించే కేంద్రం నుంచి నివేదిక వెళ్ళింది: ఇసుక నేల, నీరు నిలవదు, సాగుకు పనికిరాదు. పనికిరాదంటే నెల తిరక్కుండా వెనక్కి తీసుకుని కంకర క్వారీకి ఇచ్చేస్తారు.

అత్త ఆ కాగితం నాలుగుసార్లు చదివింది. ఆ మట్టిని ఆరబోసింది తనే. పళ్ళెంలో మిగిలిన పొడి తీసి నలిపితే నిజంగానే ఇసుకలా జారిపోయింది. నీళ్ళు పోసి కలిపింది. ఎంత పిసికినా ముద్ద కట్టలేదు. ఇన్నాళ్ళూ వచ్చినవి ఎవరివో తెలియని సంచులు. ఈసారి వచ్చింది తన పొలం కాబట్టి తేడా తెలిసింది. సాయంత్రం మా ఇంటికొచ్చి అమ్మతో అంది:

“వదినా, తప్పు మట్టిది కాదు, నా పళ్ళేనిది. ఈ మట్టి ఒక్కసారి ఎండిందా, ఇక మళ్ళీ మామూలు కాదు. నేనే ఎండబెట్టి ఇసుక చేశాను.”

“ఆ మాట ఆఫీసరుతో అంటే నీ ఉద్యోగం ఉంటుందా?”

“పోతే పోనీ. నోరు మూసుకుంటే ముప్పై ఆరు ఇళ్ళ తోటలు పోతాయి.”

ఆఫీసరు మొదట వినలేదు. ఏ మట్టినైనా ముందు ఎండబెట్టాలని నియమావళిలో ఉందన్నాడు. అత్త వదిలితేగా. మర్నాడు పొద్దున్నే ఆయన్ని వాలు మీదికి నడిపించింది. అప్పటికే తన నారింజ చెట్ల మధ్య నడుములోతు గుంట తవ్వి ఉంచింది. గట్టు మీద ముప్పై ఆరు కుటుంబాలూ, వాళ్ళతోపాటు మేమూ.

అత్త గుంటలోకి దిగి ఒక పెళ్ళ తీసి ఆయనకు అందించింది. “పిండండి సార్.”

“పొడిగా ఉంది కదమ్మా.”

“మీరు పిండండి.”

ఆయన పిండాడు. పెళ్ళ కాస్తా జారుముద్దయి వేళ్ళ సందుల్లోంచి కారింది. నీళ్ళు మణికట్టు మీదుగా తెల్లచొక్కా లోపలికి పోయాయి. ఇంకోటి అడిగాడు, తర్వాత ఇంకోటి. చొక్కా సంగతే మరిచిపోయాడు.

“మీరు పై అంతస్తులో చూసింది ఇదే మట్టిని సార్, నా చేతిలో ఎండాక,” అంది అత్త.

ఆయన గట్టు మీద చతికిలబడి, మోకాలి మీద నివేదిక పెట్టుకుని ‘పనికిరాదు’ కొట్టేశాడు. ‘సాగుకు యోగ్యం. ఈ కొండ మట్టిని తడిగానే పరీక్షించాలి’ అని రాసి పైకే చదివాడు. గట్టంతా కేకలు. మా అమ్మ ఈల వేయడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకైతే ఏడుపొచ్చింది.

అత్త మాత్రం గుంటలోంచి కదల్లేదు. రవికలోంచి మడత కాగితం తీసింది.

“ఈ కొండ చుట్టూ ఇంకో పదకొండు వాలులున్నాయి సార్. వాటినీ నేనే ఎండబెట్టాను, మీవాళ్ళు పనికిరావని రాశారు. రిజిస్టరు తిరగేసి నంబర్లు రాసుకొచ్చా. ఎక్కడ మొదలుపెడదాం?”

ఆయన కాగితం చూశాడు, అత్తను చూశాడు. మట్టిచెయ్యే అందించి ఆమెను పైకి లాగాడు.

వాటిలో రెండు అప్పటికే క్వారీల పాలయ్యాయి. ఆ మాట వస్తే అత్త ఇప్పటికీ ముఖం తిప్పేసుకుంటుంది. మిగతా తొమ్మిదీ దక్కాయి.