వీరభద్రయ్య సొల్లు

ఆత్మకూరు బజారులో వీరభద్రయ్య అంగడికి వచ్చి ఆ మాట పడకుండా వెనక్కి పోయినవాళ్లు లేరు. రైతు తన మిరపకాయల ఘాటు గురించి గొప్పలు పోతే "సొల్లు!" అనేవాడు. అంటూనే తక్కెడ పళ్లేన్ని గోటితో టంగుమనిపించేవాడు. అక్కడ దానికి అబద్ధమని అర్థం. పరీక్ష పోతుందని కూతురు శ్రీవాసవి ఏడిస్తే అదే మాట, అదే గోరు. అప్పుడు భయం లేదని అర్థం. ఈ వయసులో నాకు ఎర్రచీర ఏం బాగుంటుందని భార్య చెన్నమ్మ అన్నప్పుడూ "సొల్లు" అన్నాడు. దాని అర్థం ఆమె ఎవరికీ చెప్పలేదు.

పెద్దమనిషి నోట ఆ మాటేమిటని మాత్రం పెళ్లయిన నాటినుంచీ పోరింది.

పోయిన వేసవిలో పక్షవాతం వచ్చి ఆయనకు కుడిపక్క పడిపోయింది, మాటా పోయింది. అంగట్లోనే బస్తాల పక్కన మంచం వేయించి, తక్కెడ ముందు చెన్నమ్మ కూర్చుంది. ఆ మాట ఒక్కసారి వింటే చాలనిపించేది. అందుకోసం అబద్ధాలు పోగేసింది.

"ఏమయ్యా, అహోబిలం కోతులు ధర్నాకు కూసున్యాయంట, అరటిపండ్లు చాల్లేదని."

ఆయన పైకప్పు చూస్తూ ఉండిపోయాడు.

"నల్లమలలో పులి బస్సెక్కిందంట. కండక్టరు టికెట్టు గూడా కొట్టినాడంట."

పెదవి కదల్లేదు. చెన్నమ్మ జన్మలో కోతలు కోసిన మనిషి కాదు. అవి రక్తి కట్టడం లేదని ఆమెకూ తెలుసు.

ఒక పొద్దున మహానంది అనే రైతు మిరప బస్తా దించాడు.

"అక్కా, ఈ కాయ ఒకటి కొరికితే సచ్చినోడు గూడా లేసి నీళ్లడుగుతాడు."

"సొల్లు!" అనేసింది చెన్నమ్మ.

అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మహానంది గబుక్కున మంచం వైపు తిరిగాడు.

"శెట్టే అన్యాడనుకుంటి గదక్కా!"

ఆ గొంతు తనదేనని తెలిసి కూడా ఆమె అటే చూసింది.

వీరభద్రయ్య ఎడమచెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చింది. తడుముకుంటూ స్టూలు మీది నీళ్లచెంబును చేరింది. గోటితో టంగ్.

చెన్నమ్మ తక్కెడను పక్కకు నెట్టింది.

"మహానందీ, ఏమంటివి? ఇంకోతూరి చెప్పు."

"బేరమా అక్కా?"

"బేరం తర్వాతప్పా. ముందు ఆ కోత కోయి."