తడిపి చూడని చీరలు

మా చిన్నప్పుడు... క్రిస్మస్ నెల వచ్చిందంటే చల్లపల్లిలోని మా మగ్గం ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. చుట్టుపక్కల పేటల నుంచి ఆడవాళ్ళు పండక్కి చీరలు కొనడానికి వచ్చేవారు. తెల్లటి నేత, ఎర్రంచు... అదంతా నాన్న చేతిపనే.

నాకు అమ్మ లేదు. ఊహ తెలియకముందే పోయింది. నాన్నేమో మగ్గం గుంటలో కూర్చుంటే లోకం పట్టని మనిషి. అందుకే బేరాల రోజులంటే నాకు ప్రాణం. వాళ్ళలో నేను అత్తా అని పిలిచే సువార్తమ్మ వస్తూనే చీరల సంగతి పక్కనపెట్టి, "ఈ చింపిరి జుట్టేంటే, దా ఇలా" అని నన్ను ఒళ్ళోకి లాక్కుని జడ వేసేది. దువ్వెన తగిలి నేను కెవ్వుమంటే అందరూ నవ్వేవారు. ఇల్లు కళకళలాడేది...

నాన్నకో పద్ధతి ఉండేది. ఏ చీర అమ్మినా ముందు అంచు కొస చెంబునీళ్ళలో ముంచి, తెల్లగుడ్డ మీద పిండి చూపించేవాడు. గుడ్డకి రంగు అంటకపోతేనే బేరం. ఏనాడూ అంటలేదు కాబట్టే వాళ్ళంతా వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చేవారు.

ఆ ఏడాది పంటలు బాగా పండాయి. అందరూ ఇంకా చీరలు కావాలన్నారు. నూలుకి రంగు పట్టాలంటే ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, మళ్ళీ ముంచాలి... అంత తీరిక ఎక్కడిది? బెజవాడ నుంచి ఎవరో చవక రంగు తెచ్చిచ్చారు. పొయ్యి వెలిగించే పనే లేదు, ముంచి ఆరేస్తే చాలన్నారు. ఈ ఒక్క పండక్కే కదా అనుకున్నాడు నాన్న.

చీరలు తీసుకెళ్ళే రోజున అలవాటుగా నాన్న చెయ్యి చెంబు వైపు వెళ్ళింది.

"మీ చీరకి పరీక్షేంటండీ అన్నయ్యగారూ! ఊరుకోండి" అంది అత్త.

అందరూ అవునన్నారు. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చీరలన్నీ చెల్లిపోయాయి. ఎప్పుడూ లేనంత లాభం... నాన్న రేడియో కొన్నాడు. నేను దాని చుట్టూ గంతులేశాను.

పండగయ్యాక ఆ చీరలు కాలువ రేవుకి వెళ్ళాయి. మొదటి ఉతుకులోనే ఎరుపు తెలుపులోకి పాకింది. అందరూ ఒకే రేవులో ఉతుక్కునేవాళ్ళు... ఇంక దాగేదేముంది?

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నాన్న ఈసారి శ్రద్ధగా ఉడకేసిన నూలుతో మళ్ళీ నేసి, చీరల మూట భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగాడు. పాడైనవాటికి బదులు ఊరికే తీసుకోమన్నాడు. "ఎందుకులెండి అన్నయ్యగారూ, ఉన్నాయిగా" అని మర్యాదగానే పంపేశారు. తర్వాతి క్రిస్మస్‌కి అందరూ బెజవాడ బస్సెక్కారు.

ఆ డిసెంబరంతా నేను గుమ్మంలోనే కూర్చున్నాను... లోపల రేడియో మోగుతూనే ఉండేది. ఇల్లు మాత్రం బావురుమనేది. ఏడుపొచ్చేది. నా జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాను, వంకరటింకరగా.

ఒకసారి నాన్నతో పామర్రు వెళ్తే బస్టాండులో అత్త కనిపించింది. "ఎంత ఎదిగిపోయావే తల్లీ!" అని నా తల నిమిరింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఇంటికి రా అత్తా అందామనుకున్నాను... ఇంతలో ఆవిడ బస్సు వచ్చేసింది. పక్కనే ఉన్న నాన్న అప్పటిదాకా దించిన తల ఎత్తలేదు.

"ఒక్క పండగ బేరమే చూసుకున్నానమ్మా... వాళ్ళు మనకేమవుతారో చూసుకోలేదు" అన్నాడు, నాతో అన్నాడో తనలో తను అనుకున్నాడో తెలియదు.

ఇప్పుడు నేనూ బెజవాడలోనే, పటమటలో ఉంటున్నాను. ఫోన్లో నొక్కితే చీర గుమ్మంలోకి వస్తుంది. రంగు పోతే వెనక్కి పంపేస్తాం, అంతే. ఎవరి మీదా అలగం... అలగడానికి అవతల మనిషంటూ ఉండాలి కదా.

మీ చిన్నప్పుడు మీ వాళ్ళు అలిగి వెళ్ళడం మానేసిన కొట్టు ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి... ఆ ఇంట్లో మీ ఈడు పిల్ల ఒకతి మీ కోసం ఎదురుచూసిందేమోనని ఎప్పుడైనా అనిపించిందా?