డెబ్బై అయిదు మిల్లీమీటర్లు

పండ్లతోటల రైతుల సంఘంలో ఆవిడ విధాన సలహాదారు. అంటే ఏం చేస్తావని సొంత అక్క అడిగితే, "ప్రభుత్వానికి ఉత్తరాలు రాస్తానే," అని తేల్చేసింది. దానిమ్మ చెట్టు ఎదురుపడితే గుర్తుపడుతుందో లేదో గానీ, దానిమ్మ మీద నలభై పేజీలు నిద్రలో కూడా రాయగలదు.

ఆ రాతలో ఒక కిటుకుంది. సంఘం ఏ అంకె పంపినా అధికారులు కత్తిరించందే ఊరుకోరు. కత్తిరించకపోతే వాళ్లకు తిన్నది అరగదు. అందుకని అరవై అయిదు కావాలంటే డెబ్బై అయిదు అడగాలి. బజారులో అందరూ చేసే బేరమే. ఆవిడ దానికి పట్టికలూ, గ్రాఫులూ, "అధ్యయనాల ప్రకారం" అనే మాటా తగిలించేది.

ఈసారి బయటినుంచి వచ్చిపడుతున్న చిట్టి దానిమ్మలను ఆపాలని, అమ్మకానికి పెట్టే పండు అడ్డుకొలత కనీసం డెబ్బై అయిదు మిల్లీమీటర్లు ఉండాలని రాసింది. అప్పుడే ఆ సీట్లోకి కొత్త అధికారి వచ్చాడు. కొత్త కదా, పాపం, మొత్తం చదివాడు. చదివి నమ్మాడు. ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించకుండా ఉత్తర్వు ఇచ్చేశాడు.

కోతల వారంలో అక్క మొగుడు, తోట ఉన్న బావగారు, పండ్ల బుట్టతో నేరుగా ఆఫీసుకే వచ్చారు. డెబ్బై అయిదు మిల్లీమీటర్ల కొలత రింగు బల్లమీదకు ఎత్తిపట్టి ఒక్కో పండూ అందులో వేశారు. అన్నీ జారి కిందపడ్డాయి.

"చూశావా మరదలా? నిక్షేపంలాంటి పండ్లు! అన్నీ జ్యూసు ఫ్యాక్టరీకే పొమ్మంటున్నారు. ఇలాగైతే తోట నరికేసుకోవడమే. ఏ తలమాసినవాడు రాశాడే ఈ రూలు?"

ఆవిడ కిందపడ్డ పండొకటి ఏరి బుట్టలో వేసింది.

"నేనే బావా."

తిడతారనుకుంది. ఆయన తిట్టలేదు, కుర్చీలో కూలబడ్డారు. ఆవిడకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కొత్త అధ్యయనం వచ్చిందని రాసి పడేస్తే పరువు దక్కుతుందని సంఘం అధ్యక్షుడు ఫోన్లో సలహా ఇచ్చాడు. సలహాదారుకే సలహా! రెండు వాక్యాలు కొట్టి చెరిపేసింది. తర్వాత ఉన్నదున్నట్టు రాసింది: ఆ అంకెకు ఆధారం లేదు, మీరు తగ్గిస్తారు కదా అని పెంచాను, మా పండు డెబ్బై దాటితే గొప్ప, మాకు కావలసింది అరవై అయిదే. ఉద్యోగం ఊడుతుందని తెలిసే సంతకం పెట్టి, తనే పట్టుకెళ్లింది.

కొత్త అధికారి రెండుసార్లు చదివాడు. డెబ్బై అయిదు కొట్టేసి, అరవై అయిదని సవరణ రాశాడు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"మీ సంఘం ఏమడిగినా కళ్లు మూసుకుని కోసెయ్యమన్నారండీ మా పెద్దసారు," అన్నాడతను. "ఇంత కష్టపడి రాశారే, ఊరికే ఎలా కొయ్యనని నేనే ఆయనతో గొడవపడ్డాను."

కలం మూత పెట్టాడు.

"ఇకమీదట కోస్తాను."

తోట దక్కింది, ఉద్యోగం కూడా పోలేదు. అయినా మెట్లు దిగుతుంటే ఆవిడకు ఏడుపొచ్చింది.